ఆరు మీటర్ల దగ్గర ఏడు వారాలు

ప్రతి గురువారం మధ్యాహ్నం మా పాపకి కడుపునొప్పి వచ్చేది.

మొదట్లో తిండి తేడా చేసిందేమో అనుకున్నాను. వాము నమిలించాను, మజ్జిగ తాగించాను. శుక్రవారం పొద్దున్నకల్లా లేడిపిల్లలా గెంతుతూ ఉండేది. నాలుగో వారానికి గానీ నాకు వెలగలేదు. గురువారం సాయంత్రం అయిదింటికి తనకి స్విమ్మింగ్ క్లాసు. నొప్పి కడుపులో లేదు, క్లాసులో ఉంది. ఇంకా నిజం చెప్పాలంటే క్లాసులోనూ లేదు, క్లాసు అయ్యాక కార్లో నా పక్కన కూర్చుని ఇంటికి వచ్చే పది నిమిషాల్లో ఉంది.

మేం ఇంగ్లండులో, లండన్‌కి పడమటి వైపు ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాం. ఇక్కడ పిల్లలకి ఈత అంటే సరదా మాత్రమే కాదు, చదువులో భాగం. ప్రాథమిక పాఠశాల పూర్తయ్యేలోపు, అంటే పదకొండేళ్ళు వచ్చేసరికి, ప్రతి పిల్లా పిల్లవాడూ కనీసం 25 మీటర్లు ఈదగలగాలని జాతీయ పాఠ్యప్రణాళికలోనే ఉంది. రకరకాల ఈతలు రావాలి, నీళ్ళలో ప్రమాదం వస్తే తమని తాము కాపాడుకోవడం తెలియాలి. అందుకే ఊరూరా లెజర్ సెంటర్లలో క్లాసులుంటాయి. ఒకటి నుంచి ఏడు వరకు స్టేజీలు. ఒక్కో స్టేజీ దాటితే ఒక బ్యాడ్జి, ఒక సర్టిఫికెట్టు. ఆ సర్టిఫికెట్టు ఫొటో వెంటనే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో. కింద చప్పట్లు, పూలగుత్తులు, "సూపర్ బంగారం" అని వరసగా మెసేజీలు.

మా పాప మూడో స్టేజీలో తొమ్మిది నెలలుంది.

ఆ గురువారం కార్లో నేను అన్న మాటలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. "నెల నెలా డబ్బు కడుతున్నాం. వాళ్ళ పాప నీకన్నా ఆర్నెల్లు చిన్నది, అయిదో స్టేజీకి వెళ్ళిపోయింది. నువ్వసలు ప్రయత్నం చేస్తున్నావా?" తడి జుట్టుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ తర్వాతి వారం నుంచే కడుపునొప్పి మొదలైంది.

టీచరు చూపించిన లెక్క

విషయం అర్థమయ్యాక సిగ్గుపడుతూనే ఈత టీచరు దగ్గరికి వెళ్ళాను. అరవై ఏళ్ళు దాటిన ఇంగ్లీషావిడ. "మా పాప ఎందుకు ముందుకు వెళ్ళడం లేదు?" అని అడిగాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసి, "ముందుకు వెళ్ళడం లేదని ఎవరన్నారు?" అంది.

చేతిలో ఉన్న కాగితాల్లోంచి వివరాలు చదివింది. సెప్టెంబరులో గోడ వదిలేది కాదు. అక్టోబరులో తల నీళ్ళలో పెట్టింది గానీ కళ్ళు మూసుకునేది. డిసెంబరులో కళ్ళు తెరిచి అడుగున ఉన్న రబ్బరు రింగు తీసింది. ఫిబ్రవరిలో బోర్లా తేలింది, కానీ వెల్లకిలా తిరగడానికి భయపడింది. ఇప్పుడు తిరుగుతోంది, అయితే మెడ బిగబట్టుకుంటోంది. "ఆ మెడ వదులైన రోజు, మిగతాదంతా తొందరగా వచ్చేస్తుంది. ఆ రోజు ఎప్పుడన్నది మాత్రం నేను చెప్పలేను" అంది.

బాల్కనీలో కూర్చుని నలభై వారాలు చూశాను. వీటిలో ఒక్కటీ నా కంటికి కనిపించలేదు. ఎందుకంటే నేను చూస్తున్నది బ్యాడ్జీ కోసం, పిల్లని కాదు.

ఇంటికొచ్చాక మరో లెక్క నేనే వేసుకున్నాను. క్లాసు అరగంట, పిల్లలు ఎనిమిది మంది. వరసలో నిలబడటం, టీచరు చెప్పేది వినడం తీసేస్తే ఒక్కో పిల్ల నిజంగా ఈత కొట్టేది మహా అయితే పది నిమిషాలు. పన్నెండు వారాల టర్ముకి రెండు గంటలు. తొమ్మిది నెలలు కలిపినా ఆరేడు గంటలకి మించదు. ఆరేడు గంటల వంట అనుభవంతో నేను గుండ్రంగా ఒక్క చపాతీ కూడా ఒత్తలేకపోయాను, అది మా అత్తగారు ఇప్పటికీ గుర్తుచేస్తారు. మరి ఏడేళ్ళ పిల్లని నేనేం అడుగుతున్నట్టు?

వెళ్ళబోతుంటే టీచరు అడిగింది, "మీకు ఈత వచ్చా?" అని. రాదన్నాను. "మంగళవారం రాత్రి ఎనిమిదింటికి ఆడవాళ్ళకి మాత్రమే క్లాసుంది. అందరూ మొదటినుంచీ నేర్చుకునేవాళ్ళే" అంది.

మా ఇంట్లో నీళ్ళంటే

వెంటనే సరేననలేదు. దానికి కారణం ఉంది.

మా అమ్మ పుట్టింది కృష్ణా జిల్లా దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకి తొమ్మిదేళ్ళు. వేలమంది పోయిన ఆ ఉప్పెనలో అమ్మకి ఒక తమ్ముడు పోయాడు. ఆ రాత్రి గురించి అమ్మ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చెప్పకపోయినా మా పెంపకం అంతటా అది ఉంది. కాలవ గట్టు మీద నడిస్తే తిట్లు. పుష్కరాలకి వెళ్తే చెంబుతో స్నానం. సముద్రానికి వెళ్తే ఇసకలోనే కూర్చోవాలి. మా అన్నయ్య నడుముకి బెండ్లు కట్టుకుని, స్నేహితులతో కలిసి అమ్మకి తెలియకుండా కాలవలో ఈత నేర్చుకున్నాడు. తెలిసిన రోజు వీపు విమానం మోతెక్కింది గానీ, ఈత మాత్రం వచ్చేసింది. ఆడపిల్లని, నాకు ఆ దొంగతనం చేసే అవకాశం కూడా రాలేదు.

బీఎస్సీలో భౌతికశాస్త్రం చదివాను. ఆర్కిమిడీస్ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. షవర్ కింద తల పెట్టి ముఖం మీద నీళ్ళు పడితే మాత్రం ఊపిరి బిగబట్టేదాన్ని. ముప్పై అయిదేళ్ళ వయసులో మొదటిసారి పూలులో దిగిన రోజు నా పరిస్థితి ఇది.

బట్టల గురించి సందేహించే మన అక్కచెల్లెళ్ళ కోసం ఒక మాట. నేను మోకాళ్ళ కింద దాకా వచ్చే ఈత ప్యాంటు, పొడుగు చేతుల టాపు వేసుకున్నాను. ఈత కోసం చేసిన గుడ్డతో కుట్టినవైతే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎవరూ నావైపు చూడను కూడా లేదు. అక్కడున్న ఎనిమిది మందికీ ఎవరి భయం వాళ్ళకుంది.

నా నోటుబుక్కు

మొదటిరోజే ఒక పాత నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. డిగ్రీలో ప్రాక్టికల్స్ రికార్డు రాసిన అలవాటు. అందులోవి కొన్ని:

మొదటి వారం: గోడ పట్టుకుని నడుము లోతు నీళ్ళలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. అంతే.

రెండో వారం: నోరు నీళ్ళలో పెట్టి బుడగలు ఊదాను. ముక్కు పైనే ఉంది.

మూడో వారం: గాగుల్స్ పెట్టుకుని ముఖం మొత్తం ముంచాను. 3 సెకన్లు.

అయిదో వారం: రెండు ఫోమ్ కడ్డీల సాయంతో వెల్లకిలా తేలాను. చెవుల్లో నీళ్ళు పోతే ప్రాణం పోదని తెలిసింది.

ఎనిమిదో వారం: గోడని కాళ్ళతో తన్ని బాణంలా జారాను. సుమారు 2 మీటర్లు.

పదకొండో వారం: చేతులు, కాళ్ళు ఆడిస్తూ 6 మీటర్లు.

పన్నెండో వారం: 6 మీటర్లు.

పదమూడో వారం: 6 మీటర్లు.

ఇలా పదిహేడో వారం దాకా అదే అంకె. ఏడు వారాలు. ఆరో మీటరు దగ్గర ఊపిరి కోసం తల పైకెత్తడం, కాళ్ళు రాయిలా కిందికి పోవడం, దగ్గుతూ లేచి నిలబడటం. నాతో చేరినవాళ్ళలో ఇద్దరు అప్పటికే పూలు సగం దాటారు. పదహారో వారం ఇంటికొచ్చి మా ఆయనతో "నావల్ల కాదండీ, మానేస్తాను" అన్నాను. మా పాప మెట్ల మీద కూర్చుని వింటోంది. ఏమీ అనలేదు. మెల్లగా వచ్చి, "అమ్మా, నాక్కూడా గురువారం అలాగే అనిపిస్తుంది" అంది.

ఆ మాటతో మానేయడానికి వీల్లేకుండా పోయింది.

కాళ్ళెందుకు మునుగుతాయి?

భయపడినప్పుడు నాకు లెక్కలు ధైర్యమిస్తాయి. కాబట్టి పుస్తకాలు తీశాను.

మనిషి శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతే. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే నీటికన్నా కాస్త తక్కువ, గాలి పూర్తిగా వదిలేస్తే కాస్త ఎక్కువ. అంటే తేలడానికీ మునగడానికీ మధ్య తేడా ఒక గుక్కెడు ఊపిరి. ఇంకో సంగతి, మనల్ని పైకి తోసే బలం ఎక్కువగా ఛాతీ దగ్గర పనిచేస్తుంది, ఎందుకంటే గాలి ఉన్నదక్కడే. బరువు కేంద్రం మాత్రం నడుము దగ్గరుంటుంది. తూగుబల్ల మీద ఇద్దరు పిల్లల్లాగ. తల పైకెత్తితే ఆ వైపు బరువు పెరిగి ఛాతీ దిగుతుందనుకుంటాం గానీ, నిజానికి నడుము వంగి కాళ్ళు దిగిపోతాయి. కాళ్ళు దిగితే నీళ్ళకి అడ్డంగా ఒక తలుపులా మారిపోతాం. పైగా వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే బలంగా కొట్టేకొద్దీ అలసటే తప్ప దూరం పెరగలేదు. ఈతలో ముందు నేర్చుకోవలసింది బలం కాదు, అడ్డం తగ్గించుకోవడం.

మరి ఊపిరి? ఊపిరాడట్లేదు అనే ఆత్రం మనకి ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గడం వల్ల రాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల వస్తుంది. నేను నీళ్ళలో ఊపిరి బిగబట్టి, తల ఎత్తిన అర సెకనులో గాలి వదిలి, మళ్ళీ పీల్చాలని చూస్తున్నాను. రెండు పనులకీ సమయం చాలదు. నా సమస్య గాలి పీల్చుకోవడం కాదు, గాలి వదలకపోవడం. రెండో వారంలో చిన్నపిల్లల ఆటలా అనిపించిన ఆ బుడగల దగ్గరికే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.

కదలని అంకె వెనక

ఇలా ఒకచోట ఆగిపోవడం నా ఒక్కదాని కథ కాదు. 1890లలో అమెరికాలో విలియం బ్రయాన్, నోబుల్ హార్టర్ అనే ఇద్దరు పరిశోధకులు టెలిగ్రాఫు నేర్చుకునేవాళ్ళని వారం వారం గమనించి గ్రాఫులు గీశారు. సందేశాలు అందుకునే వేగం కొంతకాలం పెరిగి, వారాల తరబడి ఒకేచోట నిలిచిపోయి, తర్వాత మళ్ళీ పెరిగింది. నిలిచిపోయినట్టు కనిపించిన ఆ కాలంలో అక్షరం అక్షరంగా వినే చెవి, పదాలుగా, ఆ తర్వాత వాక్యాలుగా వినడం అలవాటు చేసుకుంటోందని వాళ్ళ వివరణ. అందరికీ అన్ని విద్యల్లోనూ ఇలాగే జరుగుతుందని తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు. కానీ అంకె కదలనంత మాత్రాన లోపల ఏమీ జరగడం లేదని అనుకోకూడదన్న సంగతి మాత్రం నాకు చాలా ఊరటనిచ్చింది.

1967లో పాల్ ఫిట్స్, మైఖేల్ పోస్నర్ అనే మనస్తత్వవేత్తలు శరీరంతో నేర్చుకునే విద్య మూడు దశల్లో వస్తుందన్నారు. మొదట ప్రతిదీ ఆలోచించి చేస్తాం. తర్వాత తప్పులు తగ్గుతూ, ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చివరికి ఆలోచించకుండానే చెయ్యి చేసుకుపోతుంది. మనకి దోసె వేయడం ఇలాగే కదా వచ్చింది! మొదట్లో పెనం వేడి, పిండి జారు, గరిటె తిప్పే తీరు అన్నీ లెక్కపెట్టుకుని వేసినా పెనానికి అంటుకునేది. ఇప్పుడు ఫోనులో అమ్మతో మాట్లాడుతూ పది దోసెలు వేసేస్తాం. మధ్యలో ఏ దోసెతో వచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేరు.

కాబట్టి కొలత మార్చాను. మీటర్లు కొలవడం మానేసి, నీళ్ళలో ముఖం పెట్టి ఎంతసేపు నెమ్మదిగా గాలి వదలగలనో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదటిరోజు రెండు అంకెలు. వారానికి నాలుగు. ఇంట్లో గిన్నెలో నీళ్ళు పోసుకుని కూడా సాధన చేశాను. మా పాప పక్కన నిలబడి లెక్కపెట్టేది. ఆ వారాల్లో నా ఆరు మీటర్లు ఆరే. కానీ నోటుబుక్కులో ప్రతి వారం రాయడానికి ఏదో ఒకటి ఉండేది.

పద్దెనిమిదో వారం 9 మీటర్లు. ఇరవై ఆరో వారం 15. ముప్పై నాలుగో వారం, ఒక మంగళవారం రాత్రి, చెయ్యి చాచితే అవతలి గోడ తగిలింది. 25 మీటర్లు. నాకన్నా ముందు మా పాపకి అర్థమైంది. మా ఆయనతో కలిసి బాల్కనీలో ఉంది, అక్కడినుంచి దాని అరుపు పూలంతా వినిపించింది.

రెండున్నర కిలోలు

మన తెలుగువాళ్ళకి ఈ పాఠం చెప్పినవారు కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆడవాళ్ళ వెయిట్ లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది కూడా ఆ ఏడాదే. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. బంగారం, వెండి గెలిచినవాళ్ళు ఎత్తింది 242.5 కిలోలు.

చిన్నప్పుడు టీవీలో చూసి "అయ్యో, కేవలం రెండున్నర కిలోలు!" అని బాధపడ్డాం. ఇప్పుడు నాకు అది ఇంకోలా కనిపిస్తుంది. ఆ రోజుల్లో బరువు పెంచాలంటే రెండున్నర కిలోల మెట్టే. అంటే కడ్డీకి అటొకటి ఇటొకటి ఒకటింబావు కిలో బిళ్ళలు. పన్నెండు పదమూడేళ్ళ వయసులో సాధన మొదలుపెట్టిన ఒక అమ్మాయి 240 దాకా ఎలా వచ్చిందనుకుంటున్నారు? ఆ చిన్న బిళ్ళలు ఒక్కొక్కటీ తగిలించుకుంటూనే. "కేవలం" అని మనం తీసిపారేసే ఆ రెండున్నర కిలోలతోనే ఆ కాంస్యమూ కట్టుకుంది.

ఇప్పుడు కార్లో ఏం మాట్లాడుకుంటాం

నేను మొదట మార్చుకున్నది ప్రశ్న. "పాసయ్యావా?" అని అడగడం మానేశాను. "ఈ రోజు పోయినవారం కన్నా ఏది తేలికైంది?" అని అడుగుతాను. ఒక్కోసారి "ఏమీ లేదు" అంటుంది. సరే అని ఊరుకుంటాను. అది కూడా ఒక జవాబే. ఒక్కోసారి, "ముక్కులోకి నీళ్ళు పోయినా గోడ పట్టుకోలేదమ్మా" అంటుంది. ఆ మాట విలువ ఇప్పుడు నాకు తెలుసు.

వాట్సాప్ గ్రూపులో ఫొటోలకి నేనూ చప్పట్లు కొడతాను, మనస్ఫూర్తిగానే. కానీ వాటిని పాపకి చూపించడం మానేశాను. తన పేరుతో తనకో నోటుబుక్కు కొన్నాం. తనే రాసుకుంటుంది. వెనక్కి తిప్పి చూసుకోవడం దానికి చాలా ఇష్టం. "ఇదిగో చూడు, అప్పుడు నాకు తేలడం కూడా రాదు" అని నవ్వుతుంది.

తర్వాతి టర్ములో మూడో స్టేజీ దాటింది. టీచరు చెప్పినట్టే, మెడ వదులయ్యాక నాలుగు త్వరగానే వచ్చింది. ఇప్పుడు అయిదులో ఉంది, మళ్ళీ ఆగింది. గురువారం కడుపునొప్పి మాత్రం లేదు.

మొదలుపెట్టాలనుకునే అక్కచెల్లెళ్ళకి, అది ఈతైనా, పరుగైనా, బ్యాడ్మింటనైనా, నాకు పనికొచ్చినవి నాలుగు చెబుతాను. పెద్ద లక్ష్యం గోడకి అంటించుకోండి, కానీ కొలిచేది మాత్రం ఈ వారంలో మారగలిగినంత చిన్నది కావాలి. వారానికి ఒకసారి రెండు గంటలకన్నా, కుదిరితే రెండు మూడుసార్లు అరగంట చొప్పున మేలు. ఒకచోట ఆగిపోతే ఇంకా గట్టిగా చేయకండి, ఒక మెట్టు కిందికి దిగి అక్కడ ఏది సరిగ్గా రాలేదో చూడండి. పక్కవాళ్ళ నోటుబుక్కులో మన మార్కులు వెతకొద్దు. ఇక నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే అది ఓర్పుతో భరించాల్సింది కాదు, డాక్టరుకి చూపించుకోవాల్సింది.

ఈత రాకపోయినా ప్రతి తల్లీ పిల్లలకి నేర్పవలసింది ఒకటుంది. ఇక్కడి సముద్రతీర రక్షక సంస్థ ఆర్ఎన్ఎల్ఐ పదేపదే చెప్పేది: అనుకోకుండా నీళ్ళలో పడితే వెంటనే ఈదడానికి పెనుగులాడకూడదు. తల వెనక్కి వాల్చి, చెవులు మునిగేలా వెల్లకిలా తేలాలి. ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. ఆ తర్వాతే సాయం కోసం పిలవడమో, ఒడ్డుకి ఈదడమో. నేను అయిదో వారంలో కడ్డీల సాయంతో నేర్చుకున్నది సరిగ్గా ఇదే.

అమ్మ వచ్చినప్పుడు

నేను ఈత నేర్చుకుంటున్న సంగతి అమ్మకి చాలా రోజులు చెప్పలేదు. చెప్పిన రోజు ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. "నీకెందుకే ఇప్పుడవన్నీ" అని మాత్రం అంది.

పోయిన వేసవిలో మా దగ్గరికొచ్చింది. మొదటి గురువారం పూలుకి రానంది. రెండో గురువారం వచ్చి, బయట సోఫాలో కూర్చుంది. మూడో వారం బాల్కనీ దాకా వచ్చి, మనవరాలు వెల్లకిలా తేలుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. పాప తిరిగి నిలబడేదాకా రెప్ప వేయలేదు.

ఆగస్టులో బోర్న్‌మత్ వెళ్ళాం. ఎర్ర పసుపు జెండాల మధ్య, లైఫ్‌గార్డులు ఉన్నచోట పాపా నేనూ మోకాళ్ళ లోతులో ఉన్నాం. అమ్మ ఎప్పటిలాగే దూరంగా ఇసకలో. కాసేపటికి లేచి వచ్చింది. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని తడి ఇసక దాకా వచ్చి ఆగింది. ఒక అల వచ్చి పాదాల మీదుగా వెళ్ళిపోయింది. అమ్మ వెనక్కి తగ్గలేదు. ఇంకో అలకి నా చెయ్యి పట్టుకుంది. మూడోదానికి, "చాల్లే, పదండి" అంది.

కార్లో ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మా పాప తన నోటుబుక్కు తీసి, ఈత లెక్కల కింద వంకర టింకర తెలుగు అక్షరాల్లో రాసుకుంది: "అమ్మమ్మ. పాదాలు. మూడు అలలు."